అగ్గిపెట్టెల సందులో వాన

తమిళనాట గుడియాత్తం బజారుకు వెనుక, మూతపడిన అగ్గిపెట్టెల కంపెనీ గోడను ఆనుకొని ఒక సందు ఉంది. పగటిపూట అందులో మనుషులు నడుస్తారు, సైకిళ్ళు పోతాయి, మేకలు పడుకుంటాయి. దీపాలు పెట్టే వేళ దాటిందంటే — మనుషుల మాట అటుంచండి — మేకలే లేచి వెళ్ళిపోతాయి.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పేవారు. పుల్లలకు మందు ముంచే పనిలో దగ్గి దగ్గి పోయిన ముసలివాడొకడు అక్కడ తిరుగుతున్నాడని కొందరి మాట. సమ్మె రోజుల్లో చనిపోయిన కార్మికుడని, అతడు తమ సంఘం మనిషేనని ఒక కళగం వారు చెప్పుకొనేవారు. కాదు, అతడు మావాడని రెండో కళగం వారు వాదించేవారు. బతికుండగా ఓటు వేశాడో లేదో ఎవరికీ తెలియని మనిషికి, చచ్చిన తరువాత రెండు పార్టీలలోనూ సభ్యత్వం దొరికింది.

ఆ చెడ్డపేరు పాతదే. చప్పుడు మాత్రం కొత్తది. రెండు వేల పదో సంవత్సరం వేసవిలో మొదలైంది.

అది ప్రభుత్వం ఇంటింటికీ కలర్ టీవీ ఉచితంగా ఇచ్చిన కాలం. టీవీ నడవడానికి కరెంటు ఇవ్వలేకపోయిన కాలం కూడా. సాయంకాలం ఆరున్నరకు పోయిన కరెంటు ఎనిమిదికి గాని వచ్చేది కాదు. టీవీలు, ఫ్యాన్లు, లుంగీలు నేసే మరమగ్గాలు — ఊరంతా ఒక్కసారిగా నోరు మూసుకొనేది. ఆ నిశ్శబ్దంలో, ఏడు దాటిన తరువాత, సందులోంచి వినిపించేది...

మొదట వాన. ఆకాశం నిండా చుక్కలుంటాయి, నేల మీద జానెడు దుమ్ముంటుంది — సందులో మాత్రం వాన కురుస్తున్న చప్పుడు. తరువాత గజ్జెలు. ఎడమ నుంచి కుడికి, తొందర లేకుండా, ఎవరో వసారాలో నడిచినట్టు. ఆ పైన ఒక ఊపిరి. మాట్లాడబోయే మనిషి లోపలికి తీసుకొనే ఊపిరి...

మాట రాదు.

మాట వచ్చే దెయ్యమైతే అడిగి పంపించవచ్చు. మాటలేని దానిని ఏం చేస్తామని ఊరివాళ్ళు ఆ దారి మానుకొన్నారు. సందు మొదట్లో బజ్జీలు వేసే గోవిందమ్మ ఒక్కతే తన బండిని అక్కడి నుంచి కదల్చలేదు. దెయ్యం తన బజ్జీలకు ఎదురు రాలేదని ఆమె వాదన.

ఆ సందులో చెంగల్రాయలికి జరిగిన సంగతి ఇది. తరువాతెప్పుడో అతడే ఒకరికి చెప్పాడట. విన్నవారు చెప్పగా విన్నది.

చెంగల్రాయలిది మైకు సెట్టు వ్యాపారం. ముప్ఫై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ సభ జరిగినా కొయ్యల మీదికెక్కి వెడల్పు నోటి రేకు హారన్లు కట్టింది అతడే. పొద్దున ఒక కళగానికి కట్టిన హారన్ల చేతనే సాయంకాలం రెండో కళగం సభలో మొదటివారిని తిట్టించేవాడు. ఆ విషయంలో అతడిని ఎవరూ తప్పుపట్టలేదు. హారన్‌కు కొళ్గై, సిద్ధాంతం ఏముంటుంది, నోరుంటుంది గాని, అనేవాడు.

అతడు వైరు లాగిన సభలో మైకు ఒక్కసారి కూడా ఈల వేయలేదు. హారన్ మైకు వైపు చూస్తే, తన గొంతు తానే విని కూత పెడుతుంది. కాబట్టి పని నేర్పిన గురువు అతడికి ఒకే సూత్రం చెప్పాడు: నాయకుడికి వీపు, జనానికి మొహం. హారన్‌ను ఎప్పుడూ బయటికే తిప్పి కట్టాలి. ఆ సూత్రాన్ని అతడు నిద్రలో కూడా తప్పలేదు.

అతడి భార్య కోమల పోయి ఏడాది దాటింది.

ఆమెను వేలూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. బాగానే ఉంది, రెండు రోజుల్లో ఇంటికి తీసుకుపోవచ్చునన్నారు. ఆ ధైర్యంతోనే అతడు తిరుపత్తూరు సభకు వెళ్ళాడు. పన్నెండు హారన్లు కట్టాడు. నాయకుడు మైకు ముందుకు వచ్చిన క్షణాన జేబులో సెల్‌ఫోన్ మోగింది. తీసి చెవికి ఆనించుకొన్నాడు. అవతల కోమల... మాట్లాడబోతూ ఊపిరి తీసుకొంది.

అంతవరకే విన్నాడు. ఆ తరువాత పన్నెండు హారన్లు ఒక్కసారిగా గొంతెత్తాయి.

ఆమె ఏదో చెప్తూనే ఉంది. అతడు ఫోన్ చెవికి అదుముకొని, మోత అందని చోటు కోసం పరుగెత్తాడు. సంత దాటాడు, బస్టాండు దాటాడు. మంచి పనివాడు కట్టిన హారన్లు. ఎంత దూరం పోయినా వదిలిపెట్టలేదు. ఫోన్ తెగిపోయింది. తెల్లవారేసరికి కోమల లేదు.

ఆమె ఆ సాయంకాలం చెప్పినదేమిటో తెలుసుకోవాలన్నది తప్ప, చెంగల్రాయలికి ఇక ఈ లోకంలో వేరే కోరిక మిగల్లేదు. అది తీరేది కాదని అతడికి తెలుసు. తెలిసినందువల్ల కోరిక తగ్గలేదు.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక సాయంకాలం బాగుచేసిన ఆంప్లిఫయరును భుజాన వేసుకొని ఇంటికి పోతూ అతడు సందు మొదట్లో ఆగాడు. కరెంటు లేదు. చుట్టు తిరిగి పోవాలంటే మైలు దూరం, బరువు చూస్తే కొండంత. అతడు ఎటు చూస్తున్నాడో గోవిందమ్మ కనిపెట్టింది.

"సందులో వద్దప్పా. చుట్టుకొనే పో. కాలు నొస్తే నొచ్చె, ప్రాణం నొవ్వదు."

దెయ్యానికి మైకు కావాలంటే తన అడ్రసు ఇమ్మని చెప్పి, అతడు నవ్వుతూ లోపలికి నడిచాడు.

పది అడుగులు... ఇరవై అడుగులు. గోవిందమ్మ లాంతరు వెనుక చిన్నదైపోయింది.

వాన మొదలైంది.

అతడు చెయ్యి చాచాడు. అరచేయి పొడిగానే ఉంది. వాన మాత్రం తల మీద కురుస్తోంది. ఇంకొకడైతే పరుగెత్తేవాడే, ఇతడు చెవిని నమ్ముకొని బతికినవాడు, నిలబడి విన్నాడు. గజ్జెలు వచ్చాయి. ఎడమ నుంచి... నెత్తి మీదుగా... కుడికి. ఆగాయి.

ఊపిరి.

చెంగల్రాయలు ఆంప్లిఫయరును నేల మీద పెట్టాడు. పెట్టినట్టు అతడికి తెలియదు. ఆ ఊపిరి అతడికి తెలుసు. తిరుపత్తూరు నుంచి ఏడాదిగా దానిని చెవిలో మోస్తూనే ఉన్నాడు.

"చెప్పు," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు సభ లేదు. చెప్పు."

వాన ఆగిపోయింది. మాట రాలేదు.

మరునాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మరునాడూ వెళ్ళాడు. గోడ కింద ఒక రాయి ఉంది; మొదటి వారం గడిచేసరికి అది అతడి పీట అయింది. రోజూ ఏడుంబావుకు వాన, వాన తరువాత గజ్జెలు, గజ్జెల తరువాత ఊపిరి. ఆదివారాలు మాత్రం ఏమీ వినిపించేది కాదు. మొదటి ఆదివారం కరెంటు వచ్చాక కూడా గంటసేపు కూర్చొని, అన్నం తినకుండా పడుకొన్నాడు. సోమవారం చప్పుడు తిరిగి వచ్చింది. అతడు క్షమించాడు.

గోవిందమ్మకు ఇదంతా వింతగా ఉండేది. దెయ్యాన్ని చూసి పారిపోయేవాళ్ళను చూసింది గాని, దానికోసం తల దువ్వుకొని వచ్చేవాడిని చూడలేదు. ఒక సాయంకాలం నాలుగు బజ్జీలు ఆకులో పెట్టి ఇస్తూ అడిగేసింది.

"ఏమప్పా రాయలూ, దానికీ నీకూ పెండ్లి మాటలేమన్నా నడుస్తాండాయా?"

"పెండ్లి అయిపోయింది లేమ్మా," అన్నాడు చెంగల్రాయలు.

ఆమె నవ్వబోయి, అతడి మొహం చూసి, ఇంకొక బజ్జీ పెట్టింది.

ఇరవయ్యో రోజున దామోదరం నుంచి కబురు వచ్చింది.

దామోదరం బజారులో రంగులూ మేకులూ అమ్మే శెట్టి. పాత కట్టడమొకటి కొని, బాగుచేసి, అందులో కాపురం పెట్టాడు. భార్య పుష్పవల్లికి సినిమాలంటే ఇష్టమని, లోపలి పెద్ద గదిలో హోమ్ థియేటర్ పెట్టించాడు. వేలూరులో సెట్టు కొన్నాడు గాని, బిగించడానికి వస్తామన్నవాళ్ళు నెల గడిచినా రాలేదు. చివరకు చెంగల్రాయలిని పిలిచాడు. ముందు మూడు స్పీకర్ పెట్టెలు, వెనుక రెండు, అదిరే శబ్దానికి నేల మీద ఒకటి. హారన్ల బేరాలు తగ్గిపోయిన రోజుల్లో చేతికొచ్చిన కొత్త పని. చెంగల్రాయలు రెండు రోజులు ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. వైర్లు కనబడకూడదని పుష్పవల్లి కోరితే, వెనుక పెట్టెలను గోడ మీద ఎత్తుగా, పలుచని తెర వెనుక బిగించాడు. పెట్టె పెట్టెకూ చెవి ఆనించి, పలుకుతున్నదని నిర్ధారించుకొనే దిగాడు.

ఇప్పుడు వాకిట్లోనే దామోదరం ఎదురు వచ్చాడు. కోపంగా లేడు గాని, పరువు పోయినవాడిలా ఉన్నాడు.

"రాయలన్నా, ఇన్ని పెట్టెలు పెట్టించుకుంటిని. వెనకవి రెండూ మూగనోము పట్టుండాయి. మా బామ్మర్ది వేలూరు నుంచి వచ్చి నవ్విపోయినాడు. వాన నెత్తిన కురవాలంట. నాకు కాళ్ళకాడే కురుస్తాండాది."

మామూలు సీడీలకు ముందు పెట్టెలే పలుకుతాయట. అన్ని పెట్టెలూ పలికే సినిమా ఒక్కటే ఉందనీ, దానిని సెట్టు బిగించిన తరువాత బామ్మర్దే తెచ్చి ఇచ్చాడనీ, రోజూ కరెంటు పోగానే కొట్టు తమ్ముడికి అప్పగించి వచ్చి, ఇన్వర్టరు మీద ఆ సినిమానే మొదటి నుంచి, వాన ఘట్టం అయ్యేదాకా వేసి చూస్తున్నామనీ దామోదరం చెప్పుకొచ్చాడు. ఆదివారాలు మాత్రం అత్తగారింటికి పోతారట.

చెంగల్రాయలు వింటున్నాడు గాని, అతడి ధ్యాస గడియారం మీద ఉంది. ఏడు దాటింది. సందులో వాన మొదలయ్యే వేళ. త్వరగా చూసి పోదామని నిచ్చెన వేసుకొని తెర వెనుకకు దూరాడు. సినిమా వేయమని కేక వేశాడు.

తెర వెనుక చీకటి. మొహానికి చల్లగాలి తగిలింది. పుల్లలు ఆరడానికి పాతకాలంలో పెట్టిన గాలి కంతలు అక్కడ వరుసగా ఉన్నాయి — అడ్డంగా చెక్క పలకలు, పలకల నడుమ సందులు. పెట్టెలు రెండూ ఆ కంతల గూళ్ళలోనే, తాను బిగించిన చోటనే ఉన్నాయి.

వాన మొదలైంది.

వాన అతడి చెవి పక్కనుంచే పుట్టి, చెక్క పలకల నడుమ నుంచి బయటికి పోతోంది. గజ్జెలు వచ్చాయి. ఎడమ పెట్టెలో మొదలై... కుడి పెట్టెలోకి నడిచి... ఆగాయి.

పలకల నడుమ నుంచి అతడు కిందికి చూశాడు.

కింద సందు. దూరాన గోవిందమ్మ లాంతరు. సరిగ్గా కంతల కింద, గోడ పక్కన — అతడి రాయి. ఖాళీగా ఉంది.

ఊపిరి.

ఆ వెంటనే, ఇరవై రోజులుగా రాని మాట వచ్చింది. వెనుక నుంచి కాదు. ముందు గోడ నుంచి, నడిమి పెట్టెలోంచి, తెర దాటుకొని స్పష్టంగా వచ్చింది. ఎవరో సినిమా పిల్ల, తడిసిన గొంతుతో, తమిళంలో అడిగింది:

"సార్... లాస్ట్ బస్ పోయిడుచ్చా?"

చెంగల్రాయలికి నవ్వు వచ్చిందో ఇంకేం వచ్చిందో, చీకటిలో చూసినవారు లేరు. నిచ్చెన మాత్రం కొంచెం ఊగింది.

అంతా క్షణంలో అర్థమైంది. మాటలన్నీ ముందు పెట్టెలకు పోతాయి. వెనుక పెట్టెలకు వచ్చేది వాన, గాలి, అడుగులు, ఊపిరి... అంతే. ఆ వెనుక పెట్టెలు రెండింటినీ తాను ఎలా బిగించాడు? కుర్చీలో కూర్చొనేవాడు ఇంటి యజమాని, పెద్దమనిషి. ముప్ఫై ఏళ్ళ చేతులు అడగకుండానే తమ పని తాము చేశాయి — నాయకుడికి వీపు, జనానికి మొహం. జనం ఎక్కడున్నారని చేతులు ఆలోచించలేదు. దామోదరం కొన్న పాత అగ్గిపెట్టెల కంపెనీ వెనుక గోడకు, దెయ్యాల సందు వైపు, పెట్టెల మొహాలు తిప్పి, గట్టిగా నాలుగేసి బోల్టులు బిగించి వచ్చాడు.

"ఏమాయె అన్నా?" కింద నుంచి దామోదరం.

చెంగల్రాయలు పెట్టె వెనుక బోల్టులు తడిమాడు. స్పానర్ చేతిలో ఉంది. బోల్టు విప్పి పెట్టెను తిప్పితే దామోదరానికి వాన నెత్తిన కురుస్తుంది. సందు మూగబోతుంది. విప్పకుండా దిగిపోతే... రేపు ఏడుంబావుకు గజ్జెలు వస్తాయి. ఎల్లుండీ వస్తాయి. అది కోమల కాదని తెలిసిన తరువాత కూడా ఆ ఊపిరి అలాగే ఉంటుంది. తిరుపత్తూరులో విన్నట్టే ఉంటుంది.

ఒక బోల్టు మీద స్పానర్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"అన్నా?"

"వైరు లూజప్పా," అన్నాడు చెంగల్రాయలు. "అయిపోయింది. ఉండు."

బోల్టులు విప్పాడు. పెట్టెలను ఇటు తిప్పాడు. కూర్చొన్న మనిషి తలకు జానెడు పైకి వచ్చేటట్టు దించి, మొహాలను కుర్చీ వైపు కొంచెం వాల్చి, కొలత చూసుకొని మళ్ళీ బిగించాడు. అక్కడే పడి ఉన్న అట్టపెట్టెలను చింపి, కంతలకు అడ్డం కుక్కాడు. తెర సర్దాడు. అటువైపు ఏం జరిగిందో తెరకు ఇవతల కూర్చొన్నవాళ్ళకు తెలియలేదు.

సినిమాను వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. దామోదరం నెత్తిన వాన కురిసింది. అతడు చేతులతో తల తడుముకొని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. గజ్జెలు కుర్చీల వెనుకగా నడిచినప్పుడు, కాఫీ తెస్తున్న పుష్పవల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వెనకాల ఎవురో ఉండారండీ," అంది గుసగుసగా.

చెంగల్రాయలిని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టారు. అతడు కూర్చొన్నాడు. ఊపిరి వచ్చి మెడ మీద తగిలింది. బస్సు పోయిందా అని ఆ పిల్ల అడిగింది. పోయిందని ఎవరో చెప్పారు. అతడు కాఫీ పూర్తిగా తాగి, లోటా కింద పెట్టి, లేచి వచ్చేశాడు.

ఎనిమిదికి ఇంకా పావుగంట ఉంది. కరెంటు రాలేదు. కాళ్ళు అలవాటు చొప్పున సందు వైపే నడిచాయి. గోవిందమ్మ నూనె దించి, పొయ్యి ఆర్పుతోంది. ఈ పొద్దు అది సగంలోనే ఆగిపోయిందనీ, యాడికో వలస పోయినట్టుందనీ, రేపటి నుంచి జనం మళ్ళీ ఈ దారిన వస్తే బజ్జీలకు పిండి ఎక్కువ కలపాలనీ చెప్పింది. అతడు తల ఊపి లోపలికి నడిచాడు.

రాయి మీద కూర్చొన్నాడు.

వాన లేదు. గజ్జెలు లేవు. పైన గాలి కంతలు నల్లగా, అట్టలతో మూసుకొని ఉన్నాయి. ఇంత నిశ్శబ్దాన్ని అతడు తన జీవితంలో విన్నట్టు గుర్తులేదు. పక్కన ఎవరైనా ఉంటే ఎంత చిన్నగా మాట్లాడినా వినబడేటంత నిశ్శబ్దం.

ఇక్కడ ఏమీ లేదని ఇప్పుడు ఊరందరికంటే అతడికే బాగా తెలుసు. అందుకే కాబోలు, సిగ్గుపడకుండా, ఇంట్లో పక్కగదిలోకి అడిగినట్టు అడిగాడు.

"ఆ పొద్దు ఫోన్లో ఏం చెప్తివే? నాకు వినబడలేదు."

సందు చీకటిగా ఉంది. అతడు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, లేవబోయాడు...

కుడి చెవి పక్కన — మూరెడు దూరం కూడా లేదు — ఆడగొంతు, నవ్వు ఆపుకొంటూ:

"అదా... అది నేనే మరిచిపోతిని, పోండి. పెట్టెలు లోపలికి తిప్పితిరే. అది చాలు."

కరెంటు వచ్చింది. వీధి దీపాలు, టీవీలు, మగ్గాలు అన్నీ ఒక్కసారిగా లేచాయి. సందు ఈ చివర నుంచి ఆ చివర వరకు వెలిగింది. ఎవరూ లేరు. గోవిందమ్మ బండి తోసుకొని అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది.

పెట్టెలు తిప్పిన సంగతి అప్పటికి అతడు ఎవరికీ చెప్పలేదు. దామోదరానికి చెప్పింది, వైరు లూజని.